ముక్క వెంట కాగితం: తెలంగాణలో విమానం కథ

(హనుమకొండలో ఒక గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పాలిటెక్నిక్ నుంచి, ఐటీఐ నుంచి వచ్చిన పిల్లలు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. దయచేసి ముందుకు రండి. ఈ రోజు నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

నా చొక్కా జేబులో ఒక చిన్న అల్యూమినియం ముక్క ఉంది. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. మడిచిన మూల, నాలుగు రంధ్రాలు, ఒక పక్క ఎర్ర రంగు. నలభై ఏళ్లకు పైగా నా దగ్గరే ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మన వరంగల్ పక్కనున్న మామునూరు విమాన మైదానం గురించి మాట్లాడుకుందాం.

నేను పుట్టిన పల్లె మామునూరుకు దగ్గరే. చిన్నప్పుడు మా నాన్న సైకిలు ముందు కడ్డీ మీద తువాలు చుట్టి, నన్ను కూర్చోబెట్టుకుని ఆ మైదానం అంచుకు తీసుకువెళ్లేవాడు. ఎప్పుడో ఒకసారి చిన్న విమానం దిగేది. దిగని రోజులే ఎక్కువ. అయినా వెళ్లేవాళ్లం. విమానం రాకపోతే నాన్న గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు, నేను రన్‌వే పొడవు ఎంత ఉంటుందో అని చూపు ఆనినంత మేర చూసేవాణ్ని. 1981 తర్వాత ఆ రాకపోకలు కూడా ఆగిపోయాయి. ఇప్పుడు మళ్లీ ఆ మైదానానికి కదలిక వచ్చింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం మామునూరు విమానాశ్రయ అభివృద్ధికి అనుమతి ఇచ్చింది. ఊళ్లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఇదే మాట. ముంబైకి ఎప్పుడు, తిరుపతికి ఎప్పుడు, టికెట్టు ఎంత ఉంటుంది అని.

అవి అడగవలసిన ప్రశ్నలే. వాటికి ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉందని నా నమ్మకం. మనం విమానం ఎక్కే ఊరుగా మిగిలిపోదామా, విమానం పని తెలిసిన ఊరు అవుదామా? ఈ మాట చెప్పడానికే నేను హైదరాబాద్ నుంచి వచ్చాను. అది ఊరికే చెబితే గాలిలో మాటలా ఉంటుంది కనుక, వెనకటి కథ కొంత చెప్పాలి.

మన దగ్గర విమానం కథ ఎవరు చెప్పినా నిజాంతోనే మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే ఏడు, 1918లో, బ్రిటన్ రాయల్ ఎయిర్ ఫోర్స్‌లోని 110వ స్క్వాడ్రన్‌కు కావలసిన డీహెచ్-9ఏ బాంబర్లకు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సొమ్ము ఇచ్చాడు. ఇవి నిజాం కానుక అని ఆ విమానాల మీద రాయించారు. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అనే పేరు స్థిరపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్లు నడిపిన 152వ దళానికి కూడా హైదరాబాద్ పేరే పెట్టారు. దాని చిహ్నంలో నిజాం తలపాగా ఉంటుంది, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. ఈ సంగతులు చెప్పి గర్వపడేవాళ్లను నేను చాలామందిని చూశాను. నాకు మాత్రం ఎప్పుడూ ఒక బాధ ఉండేది. ఆ సొమ్ముకు మూలం ఈ నేల మీద పండిన పంట. ఆ శిస్తు కట్టినవాళ్లలో ఎంతమంది ఆ విమానాన్ని కంటితో చూసి ఉంటారు? విమానం మన డబ్బుతో పుట్టింది, మన ఆకాశంలో ఎగరలేదు.

మన ఆకాశంలో ఎగరడం 1930ల మాట. బేగంపేటలో హైదరాబాద్ ఏరో క్లబ్ వచ్చింది, మైదానం వచ్చింది. 1937లో అక్కడ మొదటి టెర్మినల్ భవనానికి నిజాం పెద్ద కోడలు యువరాణి దుర్రు షెహ్వార్ శంకుస్థాపన చేశారు. మామునూరు మైదానం కూడా నిజాం కాలందే. ఇక్కడి ఆజంజాహి మిల్లు, అటు కాగజ్‌నగర్ కాగితం మిల్లు, ఈ పరిశ్రమల రాకపోకలను దృష్టిలో పెట్టుకుని కట్టారు. అంటే వరంగల్‌కు విమానం మొదట తీర్థయాత్రకో, విహారయాత్రకో రాలేదు. మిల్లు పని మీద వచ్చింది. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన విషయం ఒకటి ఉంది. హైదరాబాద్ సంస్థానంలో విమానాల పని చూసింది రైల్వే. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీ పుట్టుక అదే. తర్వాత విమానం కూడా ఆ గొడుగు కిందికే చేరింది. రైలు, బస్సు, విమానం ఒకే ఇంటి పిల్లలు అన్నమాట. పైనున్న అధికారులు ఎవరైతేనేం, కింద పనిచేసే చేతులు ఎలాంటివో ఆలోచించండి. బాయిలరు మూత బిగించడం తెలిసిన ఫిట్టరు, బస్సు గేరుపెట్టె విప్పడం తెలిసిన మెకానిక్కు, ఆకురాయి పట్టడం తెలిసిన మేస్త్రీ. ఒక యంత్రం తెలిసిన చేతికి ఇంకో యంత్రం నేర్పడం అంత కష్టం కాదు. అసలు యంత్రమే తెలియని చోట మొదలుపెట్టడం కష్టం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో పైలట్లకు ప్రాథమిక శిక్షణ ఇచ్చారు. యుద్ధం అయిపోగానే నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. ఎక్కువ వాటా సంస్థానానిదే. 1946లో విమానాలు నడవడం మొదలైంది. మద్రాసు, బెంగళూరు, నాగ్‌పూర్, ఢిల్లీ వైపు తిరిగేవి. చాలామంది దీన్ని 2003లో బెంగళూరులో మొదలైన ఎయిర్ డెక్కన్‌తో కలిపేస్తారు. రెండింటికీ సంబంధం లేదు.

వాళ్లు నడిపినవి డగ్లస్ డీసీ-3 విమానాలు. ఇప్పటి విమానంలా నేలకు సమాంతరంగా నిలబడదు. తోక కింద చిన్న చక్రం, ముందు రెండు పెద్ద చక్రాలు. ముక్కు పైకెత్తి, తోక నేలకు దించి కూర్చుని ఉంటుంది. తలుపు వెనక వైపు. లోపలికి అడుగు పెట్టి సీటుకు చేరాలంటే మెట్ట ఎక్కినట్టు నడవాలి. నేను పనిలో చేరిన కొత్తలో డీసీ-3 మీద పనిచేసిన ఒక పెద్దాయన మా వర్క్‌షాపుకు వచ్చేవాడు. దాన్ని విమానం అనకుండా ‘పిల్ల’ అనేవాడు. ‘పిల్ల ఎప్పుడూ ఆగిపోలేదురా, చెప్పి మరీ అలిగేది’ అనేవాడు. ఇంజను శబ్దంలో చిన్న తేడా వస్తే ఏ సిలిండరో వినికిడితో చెప్పగలిగేవాడట. అలాంటి చెవులు ఆ రోజుల్లో బేగంపేటలో తయారయ్యాయి.

ఆడపిల్లలు ఇక్కడ పది మందికి పైగా కనిపిస్తున్నారు, సంతోషం. మీకోసం ఒక పేరు. ప్రేమ్ మాథుర్. మన దేశంలో వాణిజ్య విమానం నడిపిన తొలి మహిళ. 1947లో లైసెన్సు చేతపట్టుకుని సంస్థల గడప గడపా ఎక్కారు. ఆడమనిషి నడుపుతుందంటే ప్రయాణికులు భయపడతారని తిప్పి పంపారు. చివరికి ఆమెను పైలట్‌గా తీసుకున్నది హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్. 1949లో జాతీయ విమాన పందెం కూడా గెలిచారు. ఈ నగరం విమానరంగానికి చేసిన మేళ్లలో నేను అన్నిటికంటే పైన పెట్టేది ఇదే.

1948 సంగతి పెద్దలకు తెలుసు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో సంస్థానానికి దొంగచాటుగా ఆయుధాలు చేరవేశాడు. దిగింది బీదర్‌లో, మన వరంగల్‌లో. సెప్టెంబరులో పోలీసు చర్య మొదలైనప్పుడు భారత వైమానిక దళం ఈ మైదానాలనే గురి చూసింది. మిల్లు పని కోసం వేసిన రన్‌వే తుపాకుల పనికి ఉపయోగపడింది. అంతకంటే దాని గురించి ఎక్కువ చెప్పాలని లేదు.

1953 ఆగస్టు 1న దేశంలోని ప్రైవేటు విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. పేరు పోయింది, పని మిగిలింది. బేగంపేట హ్యాంగర్లలో, అంటే విమానాలు నిలిపి బాగుచేసే షెడ్లలో, పాఠం నేర్చుకున్నవాళ్లు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కొనసాగారు.

ఆ తర్వాత దుండిగల్. 1967 అక్టోబరులో రాష్ట్రపతి జాకీర్ హుసేన్ శంకుస్థాపన చేసిన ఎయిర్ ఫోర్స్ అకాడమీ. 7,000 ఎకరాలకు పైనే ఉంటుంది. ఇవాళ వైమానిక దళంలో అధికారి కావాలంటే దాదాపు అందరూ ఆ గేటు దాటాలి. 2016 జూన్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధవిమాన పైలట్లుగా తొలి మహిళలై బయటికి వచ్చింది ఆ మైదానం నుంచే. అంతరిక్షంలోకి వెళ్లిన రాకేశ్ శర్మ పెరిగింది, నిజాం కాలేజీలో చదివింది హైదరాబాద్‌లోనే. ఇవి మీ పుస్తకాల్లో ఉంటాయి, నేను ఆగను.

పుస్తకాల్లో లేనిది బాలానగర్.

1960లలో సోవియట్ యూనియన్‌తో మిగ్-21 యుద్ధవిమానాల తయారీ గురించి మాటలు సాగి ఒప్పందం కుదిరింది. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ ఆ పనిని మూడు చోట్లకు పంచింది. విమానం దేహం నాసిక్‌లో, ఇంజను ఒడిశాలోని కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్‌లో. అలా 1965లో బాలానగర్‌లో కర్మాగారం వచ్చింది. విమానం మాట్లాడే రేడియో, మిత్రుడో శత్రువో గుర్తుపట్టే పరికరం, ఇలాంటివి అక్కడ తయారయ్యాయి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు చెప్పినప్పుడు టీవీలో చూస్తూ నేను కన్నీళ్లు పెట్టుకున్నాను. మా పిల్లలకు అర్థం కాలేదు. ఆ విమానం గొంతు మా పేటలో తయారైంది మరి.

ఒక పెద్ద కర్మాగారం వస్తే చుట్టూ చిన్న షెడ్లు మొలుస్తాయి. బాలానగర్‌లో అదే జరిగింది. 1968లో కేంద్రం అక్కడే పనిముట్ల రూపకల్పన సంస్థ పెట్టింది, అందరూ సీఐటీడీ అంటారు. అచ్చులు, ఫిక్చర్లు, గేజీలు ఎలా గీయాలి, ఎలా చేయాలి అన్నది ఐటీఐ చదివిన కుర్రాళ్లకు నేర్పిన చోటు అది. 1970లో సూక్ష్మమైన కొలతలతో లోహ భాగాలు చేసే ఎంటార్ సంస్థ వచ్చింది. అదే ఏడు ఇటు క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, తర్వాత 1973లో ప్రత్యేక లోహాలు చేసే మిధాని. అప్పటికే క్షిపణుల పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్ ఉంది. క్షిపణి కావచ్చు, విమానం కావచ్చు, అణు ఇంధన కేంద్రం కావచ్చు, ఒక మిల్లీమీటరులో వందో వంతు తేడా లేకుండా లోహం కోయగల మనుషులు కావాలి. ఆ మనుషులు రేకు కప్పు షెడ్లలో, వేసవిలో ఉడికిపోతూ, లేత్ మిషన్ల ముందు నిలబడి ఉండేవాళ్లు. నేను 1978లో వరంగల్ ఐటీఐ నుంచి ఫిట్టరు సర్టిఫికెట్టుతో వెళ్లి అలాంటి ఒక షెడ్డులో చేరాను. ఆరు లేత్ మిషన్లు, ఒక మిల్లింగ్ మిషన్, పదకొండు మంది.

ఇప్పుడు ఈ ముక్క. 1980ల మొదట్లో మాకు ఒక ఆర్డరు వచ్చింది, ఇలాంటి బ్రాకెట్లు 60. ఒక పరికరం పెట్టెను విమానం గోడకు పట్టి ఉంచేవి. మేం అంతకు ముందు విమానం పని చేయలేదు. యజమాని బంగారం తాకట్టు పెట్టి అల్యూమినియం కడ్డీలు తెచ్చాడు. రెండు నెలలు పనిచేశాం. ప్రతి రంధ్రం అంచును చేత్తో నున్నగా చేశాం. ఎందుకో తెలుసా? డ్రిల్లు దిగినప్పుడు రంధ్రం అంచున కంటికి కనిపించనంత గరుకు మిగులుతుంది. నేల మీద తిరిగే యంత్రానికి అది లెక్క కాదు. గాలిలో గంటల తరబడి వణికే విమానంలో పగులు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. వేలి కొనతో తడిమి, గోరు తగులుకుంటే మళ్లీ రుద్ది, అలా 240 రంధ్రాలు.

తీసుకువెళ్లి ఇచ్చాం. తనిఖీ అధికారి ఒక్కో ముక్కా కొలిచాడు. 60కి 60 సరిగ్గా ఉన్నాయి. తర్వాత కడ్డీ కరిగింపు నంబరు అడిగాడు. కడ్డీ తయారైనప్పుడు ఏ కొలిమి పోతలో పుట్టిందో ఒక నంబరు దాని చివర ముద్ర వేస్తారు. మేం కడ్డీని రంపంతో కోసినప్పుడు ఆ చివర్లు తుక్కులో వేసేశాం. ఏ ముక్క ఏ కడ్డీలోదో చెప్పలేకపోయాం. అంతే. 60 ముక్కలూ తిరస్కరించారు. పొరపాటున కూడా ఎవరూ వాడకుండా ఎర్ర రంగు పూసి, సుత్తితో వంచేశారు. ఒక్కదాన్ని నేను బతిమాలి తెచ్చుకున్నాను, దీని మీద కూడా చూడండి, ఈ పక్క వంగిపోయింది.

ఆ రోజు బస్సులో వస్తూ నేను, యజమాని ఒక్క మాట మాట్లాడుకోలేదు. ముక్క బాగుంది కదా, కాగితం లేకపోతే ఏమిటట అని నాకు కడుపు మండిపోయింది. ఆ మంట చల్లారడానికి నాకు ఏడాది పట్టింది. తర్వాత అర్థమైంది. రేపు ఎక్కడో ఒక విమానంలో ఒక బ్రాకెట్ పగిలిందనుకోండి. అదే పోతలో పుట్టిన మిగిలిన ముక్కలు ఏ ఏ విమానాల్లో ఉన్నాయో ఆ సాయంత్రానికల్లా తెలియాలి. తెలియకపోతే అన్ని విమానాలూ నేల మీద ఆపాలి, లేదా ప్రాణాలు పణంగా పెట్టి ఎగరనివ్వాలి. ముక్క వెంట నడిచే ఆ కాగితం విమానంలో భాగమే. దాని మీద సంతకం పెట్టినవాడు, తాను చనిపోయాక కూడా ఆ ముక్కకు జవాబుదారీ. మా యజమాని మరుసటి ఏడు మళ్లీ అప్పు చేసి అదే ఆర్డరు తీసుకున్నాడు. ఈసారి ప్రతి కడ్డీకి ఒక చీటీ కట్టాం. 60 ముక్కలూ ఆమోదం పొందాయి. ఆ తర్వాత 30 ఏళ్లకు పైగా నేను చేసిన పని తనిఖీయే.

ఇక 2008. బేగంపేట నగరం మధ్యలో ఇరుక్కుపోయింది. పెంచడానికి చోటు లేదు. శంషాబాద్‌లో దాదాపు 5,500 ఎకరాల్లో జీఎంఆర్ సంస్థ, ప్రభుత్వాలు కలిసి కొత్త విమానాశ్రయం కట్టాయి. 2008 మార్చి 23 నుంచి విమానాలన్నీ అక్కడికి మారాయి. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన లుఫ్తాన్సా విమానం మొదట దిగింది. 4,260 మీటర్ల రన్‌వే. తెరిచినప్పుడు ఏడాదికి 1.2 కోట్ల ప్రయాణికులకు సరిపోతుంది అన్నారు. 2023-24లో ప్రయాణికులు 2.5 కోట్లు దాటారు. 2016 మే నెలలో ప్రపంచంలోనే అతి పెద్ద విమానం ఆంటొనోవ్-225 అక్కడ ఆగింది. ఆరు ఇంజన్లు, 32 చక్రాలు. లోకంలో అలాంటిది ఒక్కటే ఉండేది. 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమైపోయింది. మా నాన్న సైకిలు మీద తీసుకువెళ్లినట్టే నేను నా మనవణ్ని స్కూటరు మీద తీసుకువెళ్లి కంచె దగ్గర నిలబెట్టాను.

ఆ 5,500 ఎకరాలు బీడు కాదు. అక్కడ కూడా పొలాలు, పల్లెలు ఉండేవి. ఇవాళ మామునూరులో నక్కలపల్లి, గాడెపల్లి, గుంటూరుపల్లి రైతులు తమ భూమి గురించి, దారి గురించి అడుగుతున్నారంటే వాళ్లను అభివృద్ధికి అడ్డు అనకండి. మరో 253 ఎకరాల సేకరణకు 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 205 కోట్ల రూపాయలు కేటాయించింది. ఆ డబ్బు ఎంత త్వరగా, ఎంత గౌరవంగా వాళ్ల చేతికి చేరుతుందో అది మన ఊరి పరువు.

మామునూరు ఇంతకాలం ఎందుకు ఆగింది అనేది కూడా చెప్పాలి. శంషాబాద్ కట్టేటప్పుడు రాసుకున్న ఒప్పందంలో, 150 కిలోమీటర్ల లోపల మరో విమానాశ్రయం 25 ఏళ్ల దాకా అభివృద్ధి చేయకూడదన్న షరతు ఉంది. వరంగల్ ఆ గీత లోపల పడింది. పెట్టుబడి పెట్టేవాడికి భరోసా కావాలి, నిజమే. ఆ భరోసా ఖరీదును మాత్రం వరంగల్ కట్టింది. ఇప్పుడు జీఎంఆర్ సంస్థ అభ్యంతరం లేదనడంతోనే దారి తెరుచుకుంది.

శంషాబాద్‌తో పాటు, దానికి కొంచెం దూరంలో ఆదిభట్లలో జరిగింది నా దృష్టిలో ఇంకా పెద్ద మార్పు. సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ల క్యాబిన్లు అక్కడ తయారయ్యాయి. లాక్‌హీడ్ మార్టిన్ సి-130జె రవాణా విమానం మీరు టీవీలో చూసే ఉంటారు, వరదలప్పుడు సామాను దించుతుంది. ఇవాళ ప్రపంచంలో ఏ దేశం కోసం తయారైనా దాని తోక భాగం ఆదిభట్ల నుంచి వెళ్లవలసిందే. 2018 మార్చిలో టాటా, బోయింగ్ కలిసి తెరిచిన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ దేహాలు తయారవుతున్నాయి, వాటి సంఖ్య 300 చేరింది. బోయింగ్ 737 తోక మీద నిలువుగా ఉండే రెక్క కూడా అక్కడ చేస్తున్నారు. 2025 జూన్‌లో రఫేల్ యుద్ధవిమానం దేహాలు హైదరాబాద్‌లో చేయడానికి దసో, టాటా సంస్థలు ఒప్పందం చేసుకున్నాయి. అదే ఏడు నవంబరులో శంషాబాద్ పక్కన లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రాన్ని సఫ్రాన్ ప్రారంభించింది. మీరు ఎక్కే కొత్త ఎయిర్‌బస్ 320 విమానాల్లో చాలావాటికి ఉండేది ఆ ఇంజనే. ఇన్నాళ్లూ అలాంటి ఇంజను విప్పాలంటే ఎక్కువగా విదేశానికి పంపవలసి వచ్చేది.

వీటి ముక్కలు సరఫరా చేసేవాళ్లలో వందకు పైగా చిన్న, మధ్య తరహా సంస్థలున్నాయి. బాలానగర్ లేకపోతే ఆదిభట్ల లేదు. భూమి, రోడ్డు, రాయితీ ఏ రాష్ట్రమైనా ఇస్తుంది. కరిగింపు నంబరు పారేయకూడదని తెలిసిన మనుషులను ఒక్క ఏడాదిలో ఎవరూ ఇవ్వలేరు. దానికి 50 ఏళ్లు పట్టింది.

ఆ పని ఎలా ఉంటుందో పిల్లలకు ఒక్కటి చూపిస్తాను. విమానం రేకులను రివెట్లతో కలుపుతారు. ఇద్దరు మనుషుల పని. ఒకరు బయట నిలబడి గాలితో నడిచే తుపాకీలాంటి పనిముట్టుతో రివెట్టు తలను కొడతారు. ఇంకొకరు లోపల ఇరుకులో కూర్చుని ఒక ఇనుప దిమ్మెను రివెట్టు తోకకు ఆనించి పట్టుకుంటారు. దెబ్బకు తోక నలిగి గుండీలా చదునవుతుంది. మధ్యలో రేకు. ఒకరికొకరు కనిపించరు, ఆ మోతలో మాట వినిపించదు. మరి ఎలా మాట్లాడుకుంటారు? తట్టి. ఈ వృత్తిలో పాత సంప్రదాయం ఇది. లోపలి మనిషి ఒకసారి తడితే ఇంకొంచెం కొట్టమని. రెండుసార్లు తడితే సరిపోయింది, తర్వాతిది అని. మూడుసార్లు తడితే చెడిపోయింది, తీసేయాలి అని. (బల్లను తట్టి చూపించారు.) ఒక విమానంలో ఇలాంటివి వేలకు వేలు. మూడుసార్లు తట్టడానికి ధైర్యం కావాలి. తన తప్పును తానే బయటికి చెప్పుకోవాలి. చెప్పకుండా రంగు వేసేస్తే ఎవరికీ తెలియదు. అలా తెలియకుండా పోకూడదనే మా వృత్తిలో చదువు కంటే ముందు ఈ అలవాటు నేర్పుతారు.

ఇప్పుడు వరంగల్ ఏమి అడగాలి? మామునూరులో టెర్మినల్ వస్తుంది, దాని ముందు కాకతీయ తోరణం బొమ్మ ఉంటుంది, ఫొటోలు దిగుతాం. బాగుంటుంది. దాంతో పాటు ఒక నిర్వహణ హ్యాంగరు అడగండి. చిన్న ఊళ్ల మధ్య తిరిగే ఏటీఆర్ లాంటి విమానాలు రాత్రి ఎక్కడో ఆగి, తనిఖీ చేయించుకోవాలి. ఆ పని ఇక్కడ జరిగితే ఏ ఇరవై మందికో టికెట్టు కౌంటర్లో ఉద్యోగం రావడంతో ఆగదు. విమానం ఎగరడానికి అనువుగా ఉందని సంతకం పెట్టే అధికారం ఉన్న ఇంజినీరు కావాలంటే పౌర విమానయానాన్ని పర్యవేక్షించే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తింపు పొందిన శిక్షణ, ఆ పైన ఏళ్ల అనుభవం, లైసెన్సు పరీక్షలు కావాలి. ఇంటర్మీడియట్‌లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివినవాళ్లు చేరవచ్చు. అలాంటి శిక్షణ కేంద్రం ఇక్కడ పెట్టమని అడగండి. 1959 నుంచి ఇంజినీరింగ్ చెబుతున్న కాలేజీ, ఇప్పటి ఎన్ఐటీ, మన ఊళ్లోనే ఉంది. పక్కన కాజీపేట లోకో షెడ్డులో ఇంజన్లు విప్పి బిగించే మనుషులు తరాలుగా ఉన్నారు. నిజాం రైల్వే రోజుల్లో రైలు చేతులు విమానం పని నేర్చుకున్న చోటే మళ్లీ అది జరగడానికి ఏమి అడ్డం?

ఆదిలాబాద్, జక్రాన్‌పల్లి, బసంత్‌నగర్, కొత్తగూడెం, దేవరకద్ర, ఈ పేర్లన్నీ విమానాశ్రయాల జాబితాలో ఏళ్లుగా వినిపిస్తున్నాయి. వీటిలో ఎన్ని నిజమవుతాయో, నిజమైనవాటిలో ఎన్ని రోజూ విమానంతో కళకళలాడతాయో ప్రయాణికుల లెక్క తేలుస్తుంది. ప్రయాణికులు తగ్గిన ఏడు కూడా పని ఉండాలంటే ఊరికి హ్యాంగరు ఉండాలి. 2015లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన ట్రూజెట్, చిన్న ఊళ్లకు విమానం నడిపి మంచి పేరు తెచ్చుకుంది. 2022లో ఆగిపోయింది. విమానాలు ఆగాయి. ఆ ఏటీఆర్ల మీద పని నేర్చుకున్న కుర్రాళ్లకు మాత్రం వేరే చోట పని దొరికింది. నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరున్నారు.

సమయం అయిందని సైగ చేస్తున్నారు. ఇదిగో, ఈ బ్రాకెట్ మొదటి వరుస నుంచి వెనక్కి పంపుతున్నాను. దీంతో పాటు సన్నని కొలతలు తీసే నా పాత వెర్నియర్ కూడా ఉంది, జాగ్రత్తగా పట్టుకోండి. ఒక్కొక్కరూ ఎడమ వైపు పైనున్న రంధ్రం కొలవండి. అంచు మీద వేలి కొన ఆనించి గరుకు తగులుతుందేమో చూడండి. ఈ కాగితం మీద మీ కొలత, పేరు, తేదీ రాసి సంతకం పెట్టండి. పక్కవాళ్లు రాసింది చూసి రాయకండి. అది నా దగ్గరికి తిరిగి వచ్చేలోపు మీ ప్రశ్నలు వింటాను.